ఆఫ్రికా చిమ్మట, అంబాలా మైక్రోస్కోప్: వాడి చూశాక నా మాట

మైక్రోస్కోప్‌కి ఐదుకి నాలుగు మార్కులు వేస్తాను. దానితోపాటు అంటగట్టిన కెమెరాకి ఒకటి, అది కూడా డబ్బా గట్టిగా ఉన్నందుకు.

నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్తాను. కొన్నది అంబాలాలో తయారైన ట్రైనాక్యులర్ (కళ్ళకి రెండు, కెమెరాకి ఒకటి, మొత్తం మూడు గొట్టాలున్న) స్టీరియో జూమ్ మైక్రోస్కోప్. జీఎస్టీ, కెమెరా అన్నీ కలిపి ₹42,000 అయింది. కాలేజీ డబ్బు కాదు, నా సొంతం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. వీటి మీద నెట్‌లో మొబైల్ రిపేరు చేసేవాళ్ళు, నగల పనివాళ్ళు చెప్పిన మాటలే ఎక్కువ. పురుగుల మీద పనిచేసేవాళ్ళు తెలుగులో రాసింది నాకైతే కనిపించలేదు.

నా పనేమిటో చెప్పకపోతే ఈ మార్కులకి అర్థం ఉండదు. కొన్నేళ్ళ క్రితం ఇథియోపియాలో ఒక యూనివర్సిటీలో పాఠాలు చెప్పాను. అప్పట్లో అక్కడ మన తెలుగు లెక్చరర్లు బాగానే ఉండేవాళ్ళు. హరార్ పట్టణం దాటి తూర్పుకి పోతే బాబిలే అనే ఊరు వస్తుంది. ఆ చుట్టుపక్కల వేరుశనగ బాగా వేస్తారు. కళ్యాణదుర్గం పక్క పుట్టిన మనిషికి ఆ చేలు చూస్తే పరాయి దేశం అనిపించదు. ఆ చేల గట్ల మీద చిక్కుడు కుటుంబానికి చెందిన ఒక అడవి మొక్క ఉంటుంది. దాని ఆకుల్ని మడిచి లోపల కాపురం పెట్టే చిన్న పురుగుని నా దగ్గర ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసిన అమ్మాయి తెచ్చి, సీసాల్లో పెంచి, రెక్కల పురుగుల్ని తీసింది. ఆ అమ్మాయి ఇప్పుడు అక్కడే లెక్చరర్. ఈ చిమ్మటకి (సీతాకోకచిలుకకి చుట్టమైన మాత్‌కి) ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టలేదని మా ఇద్దరి నమ్మకం. అక్కడి అనుమతి కాగితాలతో కొన్ని నమూనాలు నాకు అప్పుగా పంపింది. వాటిని కోసి, చూసి, గీసి, వర్ణన రాయడం నా వంతు. జాతికి ఆధారంగా నిలిచే హోలోటైప్ మాత్రం ఆ దేశంలోనే ఉంటుంది. అదే న్యాయం.

రెక్కలు చాచితే ఈ చివర నుంచి ఆ చివరికి 11 మిల్లీమీటర్లు. బూడిద కలిసిన గోధుమ రంగు, ముందు రెక్క అంచులో ఒక లేత మచ్చ. గెలీచిడే కుటుంబంలో ఇలాంటివి కొల్లలు. మన బుడ్డల (వేరుశనగ) చేలల్లో ఆకుముడత తెచ్చే పురుగుకి తల్లి కూడా చూడ్డానికి ఇంచుమించు ఇంతే. రెక్కల్ని నమ్ముకుని వీటి జాతి చెప్పడం కుదరదు. పొట్ట చివరి భాగం విడదీసి జననాంగాలు చూడాలి. మగదానిలో అంకస్ అనే కొక్కెం, వాల్వా అనే పట్టుకునే పలకలు, ఫాలస్ అనే లింగం. ఆడదానిలో బర్సా అనే సంచి, దాని గోడలో ఉండే సిగ్నమ్ అనే గట్టి పలక. జాతికీ జాతికీ తేడా అక్కడ దొరుకుతుంది. (క్లాసులో ఈ మాట అనగానే వెనక బెంచీ నవ్వుతుంది. నవ్వనివ్వండి, పరీక్షలో మాత్రం ఎవరూ మర్చిపోరు.)

షాపు మన ఊళ్ళోదే. స్కూళ్ళకీ కాలేజీలకీ ల్యాబ్ సామాన్లు ఇస్తారు. పేరు రాయను, ఎందుకో కింద మీకే తెలుస్తుంది. కౌంటర్లో ఉన్న అబ్బాయి మర్యాదస్తుడే.

"మేడమ్, ఇది 45 రెట్లే. ఇంకో రెండున్నర వేలు ఏసుకుంటే కింద తగిలించే 2ఎక్స్ లెన్సు ఇస్తా, 90 రెట్లు అయితాది. అందరూ అదే తీస్కపోతాండారు."

"అది తగిలిస్తే కింద ఎంత జాగా మిగులుతుంది నాయనా?"

"జాగాతో ఏం పని మేడమ్, పెద్దగా కనపడల్ల గానీ."

నాకు పనంతా ఆ జాగాతోనే. లెన్సు అడుగు నుంచి నమూనా దాకా ఉండే ఖాళీ ఈ మోడల్లో దాదాపు 100 మిల్లీమీటర్లు. ఆ సందులో ఒక గాజు కేవిటీ బ్లాక్ (మధ్యలో గుంట ఉన్న దిమ్మె), రెండు చేతులు, రెండు సూదులు పట్టాలి. 2ఎక్స్ లెన్సు తగిలిస్తే ఆ ఖాళీ 30 మిల్లీమీటర్లకి పడిపోతుంది. ఇక సూది నిలబెట్టే వీలుండదు, పడుకోబెట్టి గుచ్చాలి. పైగా స్టీరియో మైక్రోస్కోప్‌లో 90 రెట్లు అంటే బొమ్మ పెద్దదవుతుందే తప్ప కొత్త వివరం పెద్దగా రాదు. అంత వివరం కావాలంటే స్లైడ్ చేసుకుని కాంపౌండ్ మైక్రోస్కోప్ కింద 100, 200 రెట్లలో చూడాలి. అది ప్రతి డిగ్రీ కాలేజీలోనూ ఉంటుంది. కాబట్టి ఈ పనికి స్టీరియో కొనేవాళ్ళు రెట్లు అడగొద్దు, జాగా అడగండి. 0.5ఎక్స్ లెన్సు ఉంటే అదీ అడగండి. రెట్లు సగమైతాయి, జాగా దాదాపు రెట్టింపవుతుంది, పిన్నుకి గుచ్చిన చిమ్మటని మొత్తంగా తిప్పి చూడ్డానికి హాయిగా ఉంటుంది.

నేను చేసే కోత ఎలా ఉంటుందో చెప్తే ఈ జాగా గొడవ అర్థమవుతుంది. ఎండిన చిమ్మట పొట్టని ఫోర్సెప్స్‌తో కింది నుంచి పైకి మెల్లగా ఎత్తితే విడిపోయి వస్తుంది. దాన్ని 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేయాలి. చల్లటి దేశాల వాళ్ళు వేడి నీళ్ళలో పెట్టి కాచమంటారు. మన మే నెలలో అది అక్కర్లేదు, రాత్రి వేసి పడుకుంటే తెల్లారేసరికి కండా కొవ్వూ కరిగి పైతొడుగు మాత్రం మిగులుతుంది. తర్వాత నీళ్ళలోకి మార్చి సన్న కుంచెతో పొలుసులు తోసేయాలి. ఇక అసలు పని: ఎడమచేతి సూదితో పొట్ట ఎనిమిదో ఖండాన్ని నొక్కి పట్టి, కుడిచేతి సూదితో లోపలి భాగాన్ని బయటికి జరపాలి. ఆ భాగం పొడవు మిల్లీమీటరు కూడా ఉండదు. వాల్వాలు తెరుచుకునేలా సర్ది, క్లోరజాల్ బ్లాక్‌తో రంగు పట్టించి, ఆల్కహాల్‌లో నీళ్ళు తీసేసి, యూపరాల్‌లో (స్లైడ్ మీద నమూనాని నిలిపే జిగురులో) పెట్టి కవర్ స్లిప్ వేయాలి. రంగు ఎక్కువైతే అంతా నల్లటి ముద్ద. తక్కువైతే బర్సా గోడ గాజులో గాజులా కలిసిపోతుంది.

ఇదంతా 15 నుంచి 25 రెట్ల మధ్యే జరుగుతుంది. 45 దాకా వెళ్ళేది సిగ్నమ్ మీద పళ్ళున్నాయా లేవా అని చూడ్డానికి. ఈ నడిమి రెట్లలో మైక్రోస్కోప్ చాలా బాగుంది. జూమ్ తిప్పుతుంటే ఫోకస్ దాదాపు నిలబడుతుంది. రెండు కళ్ళ బొమ్మలూ కలిసిపోతాయి, తలనొప్పి రాదు. ఇంతకుముందు కాలేజీలో వాడిన పాతదానితో గంట కూర్చుంటే కళ్ళు లాగేవి. అడుగు రెట్లలో 28 మిల్లీమీటర్ల వెడల్పు కనిపిస్తుంది, అంటే మొత్తం చిమ్మట, పక్కన లేబుల్ కూడా ఒకే చూపులో. చేతులు ఆనించడానికి మాత్రం కంపెనీ ఏమీ ఇవ్వదు. స్టేజికి సమానమైన ఎత్తులో రెండు చెక్క దిమ్మెలు వడ్రంగి దగ్గర చేయించుకున్నాను. ఇవి లేకుండా ఎవరూ మొదలుపెట్టొద్దు, చెయ్యి వణికితే నమూనా పోయినట్టే.

ఆఫ్రికా నమూనాల మీద సూది పెట్టడానికి ముందు మన ఆకుముడత చిమ్మటల మీద ఈ యంత్రాన్ని పరీక్షించాను. మా చిన్నాయనకి కళ్యాణదుర్గం దగ్గర కదిరి-6 రకం బుడ్డలున్నాయి. ముడుచుకున్న ఆకులు కోసి పంపించమంటే గోనెసంచి నిండా పంపాడు. తర్వాత ఊళ్ళోకి వచ్చినప్పుడు ఐపీస్‌లో చూపిస్తే చాలాసేపు తల ఎత్తలేదు. "ఈ నలుసేనామ్మే చేనంతా కాలబెట్టినట్టు చేసేది?" అన్నాడు. ఆ మాటలో అతిశయం ఏమీ లేదు. ఉధృతంగా వచ్చిన ఏడాది ఆకులన్నీ ఎండి దూరానికి చేను కాలినట్టే ఉంటుంది.

మన పురుగుని ముందు కోయడం కేవలం చెయ్యి కుదరడానికి కాదు. దీని పేరు మీద ఆఫ్రికాలో నడిచిన కథ తెలిసినవాళ్ళెవరూ "కొత్త జాతి" అని తొందరపడరు. 1998లో ఉగాండాలో వేరుశనగ మీద ఈ ఆకుముడత కొత్త తెగులుగా బయటపడింది. తర్వాత మలావి, మొజాంబిక్, దక్షిణాఫ్రికా. ఇండియా వైపు నుంచి వచ్చిందనుకుని దాన్ని అప్రొయెరెమా మాడిసెల్లా అన్నారు. 2012లో దక్షిణాఫ్రికా నమూనాల డీఎన్ఏ చూస్తే ఆస్ట్రేలియాలో సోయాబీన్ మీద ఉండే సింప్లెక్సెల్లా అనే చిమ్మటతో సరిపోయింది. ఇప్పుడు మాడిసెల్లా, సింప్లెక్సెల్లా రెండింటినీ బైలోబాటా సబ్‌సెసివెల్లా అనే ఒకే పేరు కింద చూపిస్తున్నారు. మరి ఆ సబ్‌సెసివెల్లా ఎక్కడిది? స్వీడన్ వాడైన వాల్‌బెర్గ్ దక్షిణాఫ్రికాలో తిరిగి పట్టుకొచ్చిన నమూనాల నుంచి జర్మన్ పండితుడు జెల్లర్ 1852లో వర్ణించింది. (ఆ వాల్‌బెర్గ్ 1856లో ఆఫ్రికాలోనే ఏనుగు చేతిలో చనిపోయాడు.) మన పాత వ్యవసాయ పుస్తకాల్లో కూడా ఆకుముడతకి స్టోమోప్టెరిక్స్ సబ్‌సెసివెల్లా అనే ఉండేది. కొత్తగా ఊడిపడింది అనుకున్న పురుగుకి ఆ ఖండం నుంచే 1852లో పెట్టిన పేరు ఉందన్నమాట.

కాబట్టి కొత్త జాతి వర్ణించడంలో ముక్కాలు పని "ఇది అది కాదు, అదీ కాదు" అని ఒక్కొక్క పాత పేరునీ తోసేయడమే. ఆఫ్రికా చిమ్మటలకి డి ప్రిన్స్ దంపతులు నడిపే ఆఫ్రోమాత్స్ అనే ఉచిత డేటాబేస్ ఉంది. ప్రజాతి పేరు కొడితే అందులో జాతులేవి, ఎవరు ఎప్పుడు ఎక్కడ వర్ణించారు, టైప్ నమూనా ఏ మ్యూజియంలో ఉంది అన్నీ వస్తాయి. పాత వర్ణనలు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో స్కాన్ చేసి పెట్టారు. ఈ రెండూ లేకపోతే అనంతపురంలో కూర్చుని ఈ పని తలపెట్టే ధైర్యం నాకుండేది కాదు. వాటికి మార్కులు వేయమంటే పదికి పది, ఆ రోజుల్లో లండన్ పోతే గానీ కనిపించని పేజీలు ఇప్పుడు ఫోన్లో తెరుచుకుంటున్నాయి.

అయితే పేజీ దొరకడం వేరు, ఆ పేజీ పనికిరావడం వేరు. ఎడ్వర్డ్ మేరిక్ అని ఇంగ్లండులో ఒక బడిపంతులు ఉండేవాడు. పాఠాలు చెప్పుకుంటూనే చిన్న చిమ్మటల్లో 14,000కు పైగా జాతుల్ని వర్ణించాడు, వాటిలో ఆఫ్రికావి బోలెడు. వృత్తిరీత్యా మా వాడే కాబట్టి నాకు గౌరవం. కానీ ఆయన చేతి లెన్సుతోనే పని కానిచ్చాడు, జననాంగాల జోలికి పోలేదు. బూడిద రంగు, మసక మచ్చ, అంచు ముదురు అని ఆయన రాసిన నాలుగు వాక్యాలు మా చిమ్మటకీ సరిపోతాయి, దాని చుట్టాలన్నిటికీ సరిపోతాయి. తర్వాత 1955 నుంచి గేట్స్ క్లార్క్ అనే అమెరికన్, బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న మేరిక్ టైపుల్ని కోసి ఫొటోలతో అచ్చువేయబట్టి మాలాంటివాళ్ళు బతికిపోయాం. ఆ ఫొటోల పక్కన నా స్లైడ్ బొమ్మ పెట్టి వాల్వా చివర, సాకస్ (జననాంగాల అడుగున ముందుకు పొడుచుకొచ్చే భాగం) పొడవు, సిగ్నమ్ అంచు పోల్చుకుంటూ పోవాలి. ఫొటో లేనివాటికి మ్యూజియం వాళ్ళకి మెయిల్ పెట్టి ఎదురుచూడాలి. అక్కడ ఇథియోపియాలో నా శిష్యురాలు ఒక్కో చిమ్మట కాలు ఒకటి తీసి 658 బేస్‌ల డీఎన్ఏ బార్‌కోడ్ (జాతిని గుర్తుపట్టడానికి చదివే చిన్న డీఎన్ఏ ముక్క) కూడా చేయించింది. అది మాకు బలమే గానీ, బార్‌కోడ్ తేడా ఒక్కటీ చూపించి కొత్త జాతి అనేస్తే నేను ఒప్పుకోను. పోల్చాల్సిన పాత టైపుల్లో చాలావాటికి బార్‌కోడే లేదు కదా.

ఇక కెమెరా. అది లేకుండా మైక్రోస్కోప్ ఒక్కటే ఇమ్మంటే షాపు వాళ్ళు ఇవ్వలేదు, సెట్టుగానే అమ్ముతారట. 5 మెగాపిక్సెల్ అని డబ్బా మీద ఉంది. కనిపించేదేమో పాత ఫోన్లో తీసిన పెళ్ళి ఫొటోలా. గోధుమ రంగు చిమ్మట తెరమీద నీలంగా వస్తుంది. వర్ణనలో రంగు ముఖ్యం, అదే అబద్ధం చెప్తే ఎలా? వైట్ బ్యాలెన్స్ ఎంత సరిచేసినా ఐపీస్‌లో కంటికి కనిపించేదానికీ దీనికీ పొంతన లేదు. మూడో గొట్టానికి అడాప్టర్ తగిలించి మామూలు డీఎస్ఎల్ఆర్ పెట్టుకున్నాను, స్లైడ్ బొమ్మలూ దానితోనే. ఫోకస్ కొద్దికొద్దిగా మారుస్తూ పొరలు పొరలుగా తీసి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కలిపితే పత్రికకి పంపదగ్గ బొమ్మ వస్తుంది.

ఇంకో లోటు కొలతలది. ఈ మోడల్లో జూమ్ నాబ్‌కి ఆగే మెట్లు లేవు, నున్నగా తిరుగుతూ పోతుంది. నగలవాళ్ళకి అది సుఖం. నాకు తంటా. ఇవాళ 3 దగ్గర పెట్టి స్టేజి మైక్రోమీటర్‌తో (సన్న గీతలున్న కొలత స్లైడ్‌తో) స్కేలు కట్టుకుంటే, రేపు మళ్ళీ అదే 3 దగ్గర పెట్టినా రెట్లు రవ్వంత తేడా ఉంటాయి. బొమ్మ మీద గీసే స్కేలు గీత తప్పైతే కొలతలన్నీ తప్పు. అందుకని కొలిచేవన్నీ జూమ్ పూర్తిగా ఆ చివరో ఈ చివరో పెట్టే కొలుస్తాను. నాలుగైదు వేలు ఎక్కువ పెడితే టక్కుమని ఆగే మెట్లున్న మోడల్ దొరుకుతుంది, వర్ణన పని పెట్టుకున్నవాళ్ళు అదే తీసుకోండి. నేను కోసిన ఆ ఒక్క మార్కు దీనికే.

లైటు గురించి రెండు మాటలు. గుండ్రటి ఎల్ఈడీ దీపం ఇస్తారు, పొలుసుల మీద పడి తళతళలాడుతుంది, మచ్చల అంచులు మాయమైపోతాయి. దాన్ని ఆపేసి, పక్కనుంచి మామూలు టేబుల్ లైటు పెట్టి మధ్యలో ట్రేసింగ్ పేపర్ అడ్డం పెట్టాను. పైసా ఖర్చు లేదు, బొమ్మ బ్రహ్మాండం. రంగు రాసుకోవడం మాత్రం పొద్దున పూట ఉత్తరం కిటికీ దగ్గరే. అడుగు దీపం నీళ్ళలో ఉన్న పొట్టని చూడ్డానికి సరిపోతుంది. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడుస్తుంది, అడాప్టర్ 12 వోల్టులదే.

మన ఊరి ఎండకీ దుమ్ముకీ ఇది ఎలా తట్టుకుంటుందని అడుగుతారు. కాకినాడలో ఉన్న నా స్నేహితురాలికి వానాకాలం వస్తే లెన్సుల్లో బూజు భయం, సిలికా జెల్ సంచులు మారుస్తూనే ఉంటుంది. ఆ బాధ మనకి లేదు. వాన లేకపోవడం వల్ల అనంతపురానికి జరిగిన మేలు ఏదైనా ఉంటే అది లెన్సులకే. దుమ్ము మాత్రం ఘోరం. వాళ్ళిచ్చే ప్లాస్టిక్ కవర్ ఒక్క ఎండాకాలానికి పెళుసెక్కి చీలిపోయింది. టైలర్ దగ్గర మందపాటి గుడ్డతో కుట్టించాను. యూపరాల్ సీసా కూడా మూత సరిగా పెట్టకపోతే మే నెలలో బెల్లప్పాకంలా అయిపోతుంది, ఫ్రిజ్‌లో పెట్టండి. ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి పెట్టండి.

కొన్నాళ్ళకి మైక్రోస్కోప్ తల బరువుకి ఫోకస్ తనంతట తానే కిందికి జారడం మొదలైంది. షాపుకి ఫోన్ చేస్తే "పంపించండి మేడమ్, కొరియర్ ఖర్చు మీదే, ఎప్పుడొస్తాదో చెప్పలేం" అన్నారు. నేరుగా అంబాలాకి చేశాను. అక్కడి మెకానిక్ హిందీలో రెండు నిమిషాల్లో తేల్చేశాడు: రెండు పక్కలా ఉన్న ఫోకస్ నాబ్‌లని రెండు చేతులతో పట్టుకుని ఒకదానికొకటి ఎదురు దిశలో తిప్పితే బిగుసుకుంటుంది. బిగుసుకుంది. తయారుచేసినవాళ్ళకి దాని సంగతి తెలుసు, అమ్మేవాళ్ళకి తెలియదు. షాపు పేరు రాయకపోవడానికి కారణం ఇదే. ఆ అబ్బాయి పొట్ట మీద కొట్టడం నాకిష్టం లేదు, మళ్ళీ అక్కడ కొనడం కూడా ఇష్టం లేదు.

మా చిమ్మట పేరేమిటని కొందరు అడిగారు. ఇక్కడ రాయను. వర్ణన, హోలోటైప్ వివరం, అది ఏ సంగ్రహంలో ఉంటుందన్నది అన్నీ కలిపి పత్రికలో అచ్చయితేనే నామకరణ నియమాల ప్రకారం పేరు చెల్లుతుంది. ఆన్‌లైన్ పత్రికైతే 2012 నుంచి జూబ్యాంక్‌లో (జంతువుల పేర్ల ఆన్‌లైన్ రిజిస్టర్‌లో) నమోదు కూడా ఉండాలి. రాత ఇంకా నడుస్తోంది. ఆడ నమూనాలు తక్కువున్నాయి, వచ్చే పంటకి అక్కడ మరికొన్ని పెంచి చూడాలి.

కొనబోయేవాళ్ళు బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. అడిగితే తప్ప రాయరు. ఆ నంబర్ లేకపోతే అంబాలా వాళ్ళు వారంటీ కింద తీసుకోరు. పెట్టె విప్పేటప్పుడు షాపులోనే ఐపీస్‌లు పెట్టి, చేతిలో పిన్ను పట్టుకుని కింద ఆడించి చూడండి. చెయ్యి ఎక్కడైనా తగులుతుంటే ఆ మోడల్ అక్కడే వదిలేసి రండి.